రంగంలో చెల్లెలు డ్యూటీలో చేరుతుందా?

నేను చదివింది ఐదో తరగతి. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక తెలుగు హోటల్ వంటింట్లో నేను పనిచేసేదాన్ని. ఇడ్లీలు, చట్నీలు నా పని. గిన్నెలు కడిగి కూరగాయలు తరిగే ఆవిడ నాకంటే పెద్దది. వాళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఈవిడ పుట్టి పెరిగింది రంగూన్‌లో. తర్వాత మలేషియా వెళ్ళి, అక్కడినుంచి శరణార్థిగా అమెరికా వచ్చింది. మాదీ శ్రీకాకుళమే. ఆవిడ మాట్లాడే తెలుగు అచ్చం మా నాయనమ్మ తెలుగు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడని కూడా అలాగే పిలిచేదాన్ని.

పనిలో చేరినరోజు ఓనర్ గారు "మీదే ఊరమ్మా?" అంటే "మాది రంగం బాబూ" అంది. పాతవాళ్ళు రంగూన్‌ని అలాగే అనేవారు. ఓనర్ గారిది గుంటూరు. ఆయనకి తెలీదు.

"ఏ రంగం? సినిమా రంగమా?" అన్నారు.

నవ్వలేక చచ్చాం.

కరోనా ఇంకా పోని ఆ ఫిబ్రవరిలో ఒకరోజు అప్ప కళ్ళు వాచిపోయి వచ్చింది. వాళ్ళ దేశంలో జనం ఓట్లేసి గెలిపించుకున్న నాయకురాలిని తెల్లవారుజామున మిలిటరీ వాళ్ళు పట్టుకుపోయారట. అదీ కొత్త అసెంబ్లీ కూర్చోవాల్సిన రోజే.

అప్పకి ఒక్కతే చెల్లెలు. తల్లి పోయాక అప్పే పెంచింది. అక్కడ గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు, ఉండేది ఆస్పత్రి క్వార్టర్స్‌లోనే. మిలిటరీ చేతికింద పని చెయ్యబోమని చాలామంది డాక్టర్లూ నర్సులూ డ్యూటీ మానేశారు. చెల్లెలూ మానేసింది.

మేము పొద్దున పప్పు రుబ్బుకునే వేళకి అక్కడ రాత్రి. ఒకరోజు చెల్లెలు ఫోన్లో వీధి చూపించింది. అన్ని ఇళ్ళలోంచీ గిన్నెలు, మూకుళ్ళు కొడుతున్న చప్పుడు. చీకట్లో ఒక్క మనిషి కనబడడు.

ఓనర్ గారు తొంగిచూసి, "అక్కడ కూడా కరోనాకి పళ్ళాలు కొట్టమన్నారా?" అన్నారు.

"కరోనాకి కాదు బాబూ. దెయ్యాన్ని తరమడానికి."

"ఏ దెయ్యం?"

"తుపాకీ దెయ్యం."

ఆయన చెడ్డమనిషి కాదు. కానీ ఆయన ఆలోచన వేరు. "చూడమ్మా, నేనొకటి చెప్తా, ఫీల్ అవ్వకు. ఎలక్షన్లు పెట్టి ఏం ఉద్ధరించారు ఎక్కడైనా? మిలిటరీ దిగితే అందరూ లైన్లో ఉంటారు. స్టేబుల్‌గా ఉంటది కంట్రీ. మన దగ్గర కూడా ఓ ఐదేళ్ళు పెట్టాలి."

అప్ప చేతిలో కత్తి ఆపలేదు. "మాకాడా అలాగే అన్నారు బాబూ. కొన్నాళ్ళే అని సెప్పి యాభై ఏళ్ళు కూకున్నారు."

నాకు లోపల ఓనర్ గారి మాటే నిజమేమో అనిపించేది. మా ఊళ్ళో ఎలక్షన్ వచ్చినప్పుడల్లా తలలు పగిలేవి. అప్ప ముందు అనలేదు.

తర్వాత అక్కడ కాల్పులు మొదలయ్యాయి. రోజూ అర్ధరాత్రి దాటాక ఇంటర్నెట్ కట్టేసేవారు. మాకది సరిగ్గా లంచ్ వేళ. అప్ప ఏప్రన్ జేబులో ఫోను పెట్టుకుని, మాటిమాటికీ తడిచేత్తో తడుముకునేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. అప్ప చేతులనిండా సబ్బు. నేనే ఫోను పట్టుకుని స్పీకర్ పెట్టాను. తెల్లారేసరికి డ్యూటీలో చేరకపోతే క్వార్టర్స్ ఖాళీ చేయిస్తారట, అరెస్టు కూడా చేస్తారట. ఆ కబురు సాయంత్రమే వచ్చిందట.

"సేరిపో," అంది అప్ప.

నేను తెల్లబోయాను.

"ఈ ఒక్కసారికి సేరిపో, నా తల్లివి కదూ. సంతకం పెట్టీసి ఓ మూల కూకో. ఎవులేటన్నా తల దించుకో. నీకెందుకే ఈ గొడవ? దేశాన్ని నువ్వొక్కదానివే మొయ్యాలా?"

ఆర్డర్ చీటీ పట్టుకుని ఓనర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "కరెక్ట్‌గా చెప్పావమ్మా," అన్నారు. "ముందు సేఫ్‌గా ఉండాలి."

ఆయన మెచ్చుకోగానే అప్ప ముఖం మాడిపోయింది. సబ్బుచేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"అప్పా, పక్కనెవులు?" అంది చెల్లెలు.

"మా ఓనరు బాబు."

"అయితే ఆరినే అడుగు. తూటా తగిలి మాకాడికొచ్చినోడి పేరు, ఇల్లు, నానే సిపాయిలకి సెప్పాలంట. అదీ డ్యూటీయే అంటన్నారు. ఆరైతే సెప్తారా, అడుగు."

ఓనర్ గారు చేతిలో చీటీ వంక చూశారు. "రెండు మసాలా దోసె," అన్నారు, మెల్లిగా. చీటీ నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

"నీకేటన్నా అయితే నానేటైపోవాలే?" అని అప్ప అరిచింది. "నిన్ను అందుకేనా పెంచినాను?"

"అందుకే పెంచినావు గావాల. అప్పా, ఇను, నాను..."

అక్కడ ఆగిపోయింది. ఫోన్లో ఆ పిల్ల ముఖం నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నేను ఎన్నిసార్లు నొక్కినా మళ్ళీ కలవలేదు.

అప్ప మిగతా గిన్నెలన్నీ కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నేను ఆపలేదు. చేరుతుందో చేరదో, చేరితే మంచిదో కాదో, నాకేమీ పాలుపోలేదు. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మంచులో రెండుసార్లు జారింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

మర్నాడు పొద్దున మాకంటే ముందే వచ్చి ఉల్లిపాయలు తరుగుతోంది. ఓనర్ గారు కోటు కూడా విప్పకుండా లోపలికొచ్చారు.

"ఏమైందమ్మా? చేరిందా?"

"సేరనేదు బాబూ."

"మరి... ఇప్పుడెక్కడుంది?"

"నాకు తెల్దు."

ఆయన "ఏదన్నా కావాలంటే అడుగమ్మా," అని బయటికెళ్ళారు. ఆ తర్వాత ఆయన నోట మిలిటరీ మాట నేను వినలేదు.

ఆయన వెళ్ళాక అప్ప నా దగ్గరికొచ్చి, చెవిలో చెప్పింది. రాత్రి మళ్ళీ ఫోను కలిసిందట. చెల్లెలు ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి రాత్రికి రాత్రే క్వార్టర్స్ వదిలేసిందట. దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కడుతోందట. ఎక్కడ, ఎవరింట్లోనో కూడా చెప్పింది.

అది మాత్రం ఇక్కడ రాయను. ఇన్నేళ్ళైంది కదా, ఫరవాలేదంటారు మావారు. ఆ పిల్ల ఇంకా అక్కడే పని చేస్తోంది.