ఆర్విల్ భుజం

ఆర్విల్ టటిల్ నోరు మూయడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఐస్ డిపోలో పని. మణుగుల కొద్దీ మంచుదిమ్మలు కుడిభుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతూ, బేస్‌బాల్ ఆటలో తాను విసిరిన బంతికి పక్క కౌంటీవాళ్ళు ఎలా జడుసుకున్నారో చెప్పేవాడు. వింటూ జనం నవ్వేవాళ్ళు, పోయేటప్పుడు చేతిలో ఒక యాపిల్ పై ముక్క పెట్టేవాళ్ళు.

ఆ శనివారం మధ్యాహ్నం అతని నోరు మూతపడింది.

షికాగో జట్టు తరఫున వచ్చిన పెద్దమనిషి గడ్డిటోపీ పెట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు. ఆర్విల్‌ను జట్టులో చేర్చుకునే ఒప్పందం కాగితం ఆయన కోటుజేబులో ఉందని ఊరందరికీ తెలుసు. ఆరు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆర్విల్ బంతిని సరిగ్గా కొట్టి ఒక్క హిట్ తీసినవాడు అవతలి జట్టులో లేడు. అలా సాగుతున్నప్పుడు బంతి విసిరేవాడితో ఎవరూ మాట్లాడకూడదు, ఆ ఊసే ఎత్తకూడదు. ఎత్తితే అదృష్టం పోతుందని నమ్మకం. అందుకే బెంచీ మీద అతని చుట్టూ ఖాళీ వదిలేశారు. ముసలి దర్జీ హైరం మాత్రం చప్పుడు చేయకుండా వచ్చి, చల్లని నీళ్ళ చెంబు పక్కన పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని ఆర్విల్ బంతులు పట్టేవాడు ఎమ్మెట్, ఊరి మంగలి, ఆర్విల్ భార్య వెల్మాకు అన్న. ఏడో ఇన్నింగ్స్ నుంచి అతనికి గుండెల్లో గుబులు. అరచెయ్యి మండించే బంతి మెత్తగా వచ్చి పడుతోంది. ఎనిమిదో ఇన్నింగ్స్ కాగానే లేచి బెంచీ కొసకు నడిచాడు. హైరం అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"నీ చెల్లెలి కాపురం బాగుపడే రోజు. నోరు కట్టుకో నాయనా."

ఎమ్మెట్ వెనక్కి తిరిగాడు. దేవుడా, వాడి చెయ్యి కాపాడు అనుకున్నాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. చివరివాడు రెండు బంతులు తప్పాడు. ఇంకొక్కటి తప్పితే ఆట ముగిసినట్టే. ఆర్విల్ మొహం పిండిలా పాలిపోయింది. ఎమ్మెట్ ఇక ఆగలేక బంతి పట్టుకుని అతని దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"చెయ్యి ఎలా ఉందిరా?"

"ఇప్పుడా బావా అడిగేది?" అన్నాడు ఆర్విల్. "ఆరో ఇన్నింగ్స్‌లోనే భుజంలో ఏదో తెగింది. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను."

"నువ్వు చెప్పొచ్చుగా, వాగుడుకాయా."

"నేను నోరు విప్పినా పోతుందిగా."

"చాలు. పద, బయటికి పోదాం."

ఆర్విల్ గడ్డిటోపీ వైపు చూశాడు. "ఒక్క బంతి, బావా. వెల్మాకు మాటిచ్చాను."

ఎమ్మెట్ చేతిలో ఉన్న బంతి ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చి, తన చోటికి తిరిగి వెళ్ళాడు.

బంతి విడిచేటప్పుడు ఆర్విల్ చిన్నగా మూలిగాడు. అది ఎమ్మెట్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు. బ్యాటు గాలిని కోసింది. జనం కంచె దాటి పరుగెత్తుకొచ్చారు.

పెద్దమనిషి నవ్వుతూ దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. ఆర్విల్ చెయ్యి లేవలేదు. ఎమ్మెట్ ఆ మణికట్టు కింద తన చేతులు రెండూ పెట్టి, మెల్లగా లేపి, ఆయన అరచేతిలో ఉంచాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. నిద్రపోయే బిడ్డను దించినట్టు ఆ చేతిని జాగ్రత్తగా కిందికి దించాడు. జేబులోని కాగితం తీయకుండానే కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాడు ఎమ్మెట్‌తో.