బొమ్మ ముఖం చూడని బ్రూషే

ముస్యూ బ్రూషే ఏ బొమ్మనూ ముందు వైపు చూసేవాడు కాదు. వెనక్కి తిప్పి చూసేవాడు.

పారిస్‌లో వేలం గదుల వెనక సందులో నాది ఫ్రేములు కట్టే కొట్టు. రోజూ అక్కడికి వచ్చి కూర్చునే బ్రూషే, రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరై, అరవై రెండో ఏట యూనివర్సిటీలో చేరాడు. బొమ్మ ఎవరి సొత్తు, ఎవరు అమ్మొచ్చు, ఎవరి పేరు పెట్టాలి అని చెప్పే చట్టం చదవడానికి.

"ముద్రలు, చీటీలు, మేకులు అన్నీ వెనకే ఉంటాయి. ముందు వైపుది ఉత్త అలంకారం" అనేవాడు.

మా ఇంటికి భోజనానికి పిలిస్తే, పళ్లెం ఎక్కడ తయారైందో చూడాలని తిరగేసి పట్టుకున్నాడు. అప్పటికే అందులో సూపు ఉంది. పరీక్షలో ప్రశ్నపత్రం తిప్పి, వెనకున్న రెండు సిరా మరకల గురించి నాలుగు పేజీలు రాశాడు. సున్నా వచ్చింది.

"వెనక ప్రశ్నలేమీ లేవు కదయ్యా" అన్నాను.

"ఆ సంగతీ రాశాను."

ఒకరోజు మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే మదామ్ గిల్మెట్ వేలానికి పెట్టే బొమ్మలు అచ్చేసిన పుస్తకం పట్టుకుని కొట్టుకి వచ్చింది. బ్రూషే కూడా అక్కడే ఉన్నాడు.

"ఈ ఆవు బొమ్మ మా ఆయన లియోన్స్ వేసిందే. కింద ఎవరో గొప్పాయన పేరు వేశారు. నాకు డబ్బేం వద్దు ముస్యూ. మా ఆయన పేరు మా ఆయనకి ఇచ్చేస్తే చాలు."

లియోన్స్ ట్రామ్ నడిపేవాడు, ఆదివారాలు బొమ్మలు వేసేవాడు. పోయి ఇరవై ఏళ్లయింది.

"పోయినవాడి పేరు కోసం భార్య అడగొచ్చు మదామ్. చట్టంలో ఉంది. సాక్ష్యం ఒక్కటే కావాలి" అన్నాడు బ్రూషే.

ముగ్గురం వేలం గదికి వెళ్లాం. ఆ బొమ్మని అమ్మకానికి పెట్టిన వర్తకుడు వెర్న్యోల్ దాన్ని ఎత్తి చూపించాడు.

"ఆవు కళ్లలో ఆ వెలుగు చూడండి ముస్యూ."

బ్రూషే బొమ్మని చటుక్కున తిప్పేశాడు.

"అటేముందండీ?"

"సాక్షులున్నారు."

కాన్వాసు బిగించిన చెక్కల్లో ఒకటి నాకు వింతగా కనిపించింది. మంచం పట్టెని రంపంతో కోసినట్టుంది. అంచున ఆకుపచ్చ రంగు.

"మదామ్, మీ మంచం ఏ రంగు?"

"ఆకుపచ్చే. ఒక పట్టె సగం లేదు. ఎలకలు కొరికాయన్నాడు మా ఆయన. అప్పట్నుంచీ ఆ మూల పాత పుస్తకాలు పేర్చుకుని పడుకుంటున్నా."

వెర్న్యోల్ గొణుక్కుంటూనే బొమ్మ పట్టుకుని, మాతో పాటు ఆవిడ ఇంటికి ఐదంతస్తులు ఎక్కాడు. మంచానికి మిగిలిన ముక్కకి ఈ చెక్కని ఆనించాను. గీతకి గీత కలిసింది. వెర్న్యోల్ కాసేపు మంచం కింది పుస్తకాల దొంతరకేసి చూసి, బొమ్మని వేలంలోంచి తీసేశాడు. లియోన్స్ గిల్మెట్ అని తన చేత్తోనే చీటీ రాసి, బొమ్మతో పాటు ఆవిడ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆవిడ ఫ్రేము కోసం వచ్చింది. చీటీని చాలాసేపు నిమిరింది. తర్వాత బ్రూషేని అడిగింది:

"బొమ్మ ఎలా ఉందంటారు?"

"నేను ముందు వైపు చూడను కదా మదామ్. ఇంత శ్రద్ధగా కొట్టిన మేకులు మాత్రం ఎక్కడా చూడలేదు."

ఆవిడ సంబరంగా వెళ్లింది. బ్రూషే తలుపు మూశాడు.

"ఆ ఆవుకి ఐదు కాళ్లున్నాయి."

"నువ్వు చూడవుగా?"

"అన్నీ చూస్తాను. మొదట ముందు వైపే చూస్తాను. కానీ ఇలాంటివాళ్లు వచ్చి ఎలా ఉందని అడుగుతారు. చూడలేదంటే అక్కడితో సరిపోతుంది." బొమ్మని నా వైపు తిప్పాడు. "ఫ్రేము వెడల్పుగా కట్టు. ఆ చివరి కాలు లోపలికి పోవాలి."

"బొమ్మలో ఏ ముక్కా దాచకూడదని చెప్పేదీ మీ చట్టమే కదా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఆ పాఠం వచ్చే ఏడాదికి. నాకింకా తెలీదు."