సువర్ణ నుదుటి మీద బొట్టు

ఈ రోజు పొద్దున కాటన్‌పేటలో మా వీధిలోనే ప్రచారానికి వెళ్ళాం. కార్పొరేషన్ ఎన్నికల్లో నా భార్య సువర్ణ స్వతంత్ర అభ్యర్థి. మురుగుకాలువ బాగుచేయిస్తానని పోటీకి దిగింది. కానీ ఏ గుమ్మంలో నిలబడినా కాలువ ఊసెత్తే మనిషి లేడు. "మీరు చర్చికి పోతారంట గదా?" అనే అడుగుతున్నారు.

ఎదురింటి లక్ష్మీదేవమ్మ హారతి పళ్ళెంతో వచ్చి సువర్ణకు బొట్టు పెట్టబోయింది. "అత్తా, మా ఇండ్లల్లో బొట్టు లేదని నీకు తెలుసు గదా" అంది సువర్ణ మెల్లగా.

"తెలుసమ్మా. నువ్వు గెలిస్తే ఈడ చర్చి కట్టిస్తావని అంటా ఉండారు. అందురూ చూస్తా ఉండారు. ఈ పొద్దు ఒక్కసారి పెట్టించుకో తల్లీ" అని ఆమె బతిమాలింది. సువర్ణ తల వంచింది.

మధ్యాహ్నానికల్లా మా చర్చి పెద్ద ఫోన్ చేసి, "ఓట్ల కోసం దేవుణ్ణి వదిలేసినావా అమ్మా?" అని సువర్ణను నిలదీశాడు. సాయంత్రం టీ అంగడి దగ్గర ఎవరో అంటుంటే నేనే విన్నాను: "అంతా నాటకం అప్పా. ఇంటికి పోతానే తుడిచేసుంటాది."

నేను ఇంటికి వచ్చేసరికి సువర్ణ తడిగుడ్డ పట్టుకుని అద్దం ముందు కూర్చుని ఉంది. బొట్టు అలాగే ఉంది. తుడుచుకోమన్నాను.

"తుడిస్తే వీధిలోవాళ్ళు అన్నది నిజమైతాది. ఉంచుకుంటే చర్చిలోవాళ్ళు అన్నది నిజమైతాది. నేనేం చేసేది?" అని ఏడ్చేసింది.

బయట అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మీకేమైనా తోస్తే రాయండి, లోపలికి వెళ్ళి ఆమెకు చెప్తాను.