బండ నీళ్ళ వంతు

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు మళ్ళీ కాలేజీకి పోతానని ఇంట్లో చెప్పినప్పుడు మా అత్త అడిగిన మొదటి ప్రశ్న, చదవడానికి ఇంకా ఏం మిగిలిందని. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. ఐదేళ్ళు ఆర్కిటెక్చరు, దాని మీద రెండేళ్ళు పీజీ అప్పటికే అయిపోయాయి. హోసూరులో ఇళ్ళకు ప్లాన్లు గీసిస్తూ, కారు పెట్టుకోవడానికి చోటు చాలలేదని కొట్లాటకొచ్చే వాళ్ళతో సమానంగా కొట్లాడుతూ బతుకుతున్నాను. ఇప్పుడు పీజీ మీద ఇంకో రెండేళ్ళ చదువు, ల్యాండ్‌స్కేప్ డిజైను, అదీ పెద్ద కొలతలో. "తోటల చదువా?" అంది. సూళగిరి పక్కన ఊర్లో ఆమెకు రోజా తోట ఉంది. కొమ్మలు కత్తిరించేది, మొగ్గలు కోసేది కావాలంటే తానే నేర్పిస్తుందట, దానికోసం బెంగళూరుదాకా బస్సులో నిలబడి పోవాల్సిన అవసరం లేదట.

తోటలు కాదని చెప్పడానికి నాకొక పూట పట్టింది. ఒక కొండ, దాని కింది వాగులు వంకలు, చేలు, ఊర్లు, హైవే, ఫ్యాక్టరీలు అన్నీ ఒకే కాగితం మీద పెట్టి, నీళ్ళెటు పోవాలి, దారులెటు పోవాలి, ఎక్కడ కట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు అని తేల్చే పని అని చెప్పాను. అంతా నిదానంగా విని, అది ఊరి పెద్దమనుషులు చేసే పని గదా, చదివితే వస్తుందా అంది. నాకు పుట్టుకతోనే రోషం ఎక్కువ. ఆ మాట మీదే అప్లికేషన్ పెట్టేశాను.

చదువు మొదలైంది. పొద్దున్నే షేర్ ఆటోలో హోసూరు బస్టాండుకు, అక్కడినుంచి బస్సు, కర్ణాటక సరిహద్దులో అత్తిబెలె దగ్గర బండ్ల వరస కదిలేదాకా పుస్తకం. క్లాసులో అందరూ నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు. అక్కా అక్కా అంటూనే నేను గంటలో చేసే కంప్యూటరు పని పది నిమిషాల్లో చేసేసేవాళ్ళు. అందుకే రెండో ఏడు థీసిస్‌కు సూళగిరి కొండలనుంచి కింది వంకలదాకా ఉన్న ఆ సీమంతా ఎంచుకున్నాను. పారిశ్రామిక వాడ, హైవే, మా అత్తగారి ఊరు, చుట్టుపక్కల పల్లెలు అన్నీ అందులోకే వచ్చాయి. అది నా సొంత నేల, అక్కడ నన్ను కొట్టేవాళ్ళెవరని ధైర్యం.

ఉపగ్రహం తీసిన బొమ్మను కంప్యూటరుకు ఇస్తే అది నేలను రంగులుగా విడదీసి పెడుతుంది. పైరు పచ్చగా, నీళ్ళు నీలంగా, కట్టడాలు ఎర్రగా, ఏమీ మొలవని చోటు బూడిద రంగులో వస్తుంది. ఆ బూడిద రంగుకు పేరు 'నిరుపయోగ భూమి'. మా సీమలో అలాంటి మచ్చలు కొండ పాదంనుంచి కిందిదాకా చెల్లాచెదురుగా కనిపించాయి. వాటన్నిటినీ పూసల్లా గుచ్చి, మన్ను తోలించి, చెట్లు నాటించి, నడుమ నడకదారి వేసి, కొండనుంచి వంకదాకా ఒక అడవి పట్టీ గీశాను. జనవరిలో సగం పనికి జరిగిన సమీక్షలో అందరూ చప్పట్లు కొట్టారు. మా గైడు మేడమ్ ఎవరినీ మెచ్చుకోని మనిషి, ఆమె కూడా ఈ బ్యాచిలో ఇదే మంచి పని అంది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఆదివారం మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని అత్తగారి ఊరికి పోయాను. రాగులు నూర్చే కాలం. ఊరికి పడమర పెద్ద రాతి బండ ఒకటి ఉంది, నేల మీద పరిచినట్టు, ఒక మూలనుంచి ఇంకో మూలకు కేకేస్తే వినిపించనంత. ఊరి రాగులు, ఉలవలు అన్నీ దాని మీదే నూరుస్తారు, చింతపండు దాని మీదే ఎండుతుంది. అందరూ అక్కడే ఉన్నారని నేనూ అక్కడికే పోయి, మ్యాపు పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. ఆడవాళ్ళంతా చేటలు పక్కన పెట్టి చుట్టూ మూగారు. మా అత్త వంగి చూసి ఇల్లు, తోట, బడి తనంతట తానే గుర్తుపట్టింది. అప్పుడు మనం నిలబడిన బండ యాడుందో చూపించమంది.

వెతికి వేలు పెట్టాను. పచ్చటి చెట్ల గీతల కింద బూడిద రంగు. ఆ పచ్చ దేనికని అడిగితే చెట్లకని చెప్పాను. కింది బూడిద దేనికంది. అబద్ధం చెప్పి ఉండొచ్చు, నోరు రాలేదు. పనికిరాని నేల అని చెప్పాను.

మా అత్త నిటారుగా లేచి నిలబడి, చేట చేతిలోకి తీసుకుంది. "అయితే పనికిరాని నేల మింద నిలబడుకోని రాగులు తూర్పార పడతా ఉండామా మనం?"

ఆమె కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నాకు మాత్రం చెవులదాకా కాలింది. కాపురానికొచ్చినప్పటినుంచీ ప్రతి జనవరిలో ఆ బండ మీద రాగి వెన్నులు తొక్కినదాన్ని నేను. ఉపగ్రహానికి తెలియకపోవడం న్యాయం. బెంగళూరులో సమీక్షకు కూర్చున్నవాళ్ళకు తెలియకపోవడం న్యాయం. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అన్నీ తెలిసిన నేనే నా నేలను ఎవరిదో అన్నట్టు గీశాను.

ఆ బండకొక కట్టుబాటు ఉంది. నూర్పిళ్ళకు ఇంటింటికీ వంతు. అందరి వంతూ అయిపోయాక, చివరి ఇంటివాళ్ళు బండనంతా ఒక్క పొట్టు కూడా మిగలకుండా ఊడుస్తారు. బండ కింది అంచున మోకాలెత్తు రాళ్ళ వరస ఉంటుంది. దాన్ని మన్నుతో మెత్తి సరిచేస్తారు. ఎండాకాలపు తొలి వాన బండ మీద పడి జారితే ఆ వరస దాన్ని అడ్డగించి ఒక బావి వైపు మళ్ళిస్తుంది. ఏ బావి అనేది కూడా వంతే, ఏటా మారుతుంది. ఊడవకుండా ఎగ్గొట్టిన ఇంటివాళ్ళను మరుసటి ఏడు బండ ఎక్కనివ్వరు. ఇదంతా నాకు తెలుసు. నడుము నొప్పి పుట్టించే పనిగా తెలుసు, అంతే. నేను రెండేళ్ళుగా పుస్తకాల్లో వెతుకుతున్న నీటి పద్ధతి అదేనని ఒక్కరోజు కూడా తట్టలేదు.

సోమవారం గైడు మేడమ్ దగ్గరికి పోయి ఆ పని చింపేస్తానని చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఉన్నది నాలుగు నెలలు. సమీక్షలో గెలిచిన డిజైను చేతిలో ఉంది. దాన్ని పారేసి కొత్తది తెస్తే, బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ఒప్పుకోకపోతే డిగ్రీ రాదు. థీసిస్ పోతే ఆ కోర్సులో రెండో అవకాశం లేదు. ఇదంతా ఆమె మెల్లగానే చెప్పింది. బస్సులో హోసూరు వచ్చేదాకా భయపడుతూనే ఉన్నాను. రెండేళ్ళు ఇంటిని, పనిని, నిద్రను పక్కనపెట్టి చదివిన చదువు. కానీ పాత మ్యాపును మళ్ళీ చూడాలంటేనే సిగ్గుగా ఉంది. సిగ్గు, భయం రెండూ కొట్లాడుకుంటే నాలో ఎప్పుడూ సిగ్గే గెలుస్తుంది.

అప్పటినుంచి ప్రతి శని ఆదివారాలు నేనూ మా అత్తా బూడిద మచ్చల వెంట నడిచాం. పొద్దున్నే పూలు కోసి మార్కెట్టు బండికి ఎక్కించి, రాగి సంగటి డబ్బాలో పెట్టుకుని బయల్దేరేది ఆమె. నా చేతిలో ఫోను, ఆమె చేతిలో కట్టె. ఒక ఊర్లో తెలుగు, ఇంకో ఊర్లో అరవం, ఆ పక్క ఊర్లో కన్నడం. ఏ ఊరి ఆడవాళ్ళతోనైనా ఆమె రెండు నిమిషాల్లో వియ్యపురాలైపోయేది. దాదాపు ప్రతి మచ్చా ఒక బండే. ప్రతి బండకూ ఒక వంతు, ఒక వరస, కింద ఒక బావి. కొన్నిచోట్ల రోడ్డు కింద వరస పోయింది, కొన్నిచోట్ల వంతు మరచిపోయారు. అయినా ఎక్కడినుంచి నీళ్ళెటు పోయేవో ముసలివాళ్ళు వేలు చూపించి చెప్పారు. నేను గీసుకున్నాను.

మార్చిలో ఒకరోజు పారిశ్రామిక వాడకు ఆనుకున్న బండ మీద కూర్చుని సంగటి తింటున్నాం. ఎదురుగా ఒక గోడౌను, ఎండకు తళతళలాడే రేకుల కప్పు. మా అత్త తినడం ఆపి దాన్నే చూస్తోంది.

"అదీ బండే గదమ్మా," అంది. "దాని నీళ్ళు ఎవురి వంతు?"

ఆ కప్పుల నీళ్ళు ఎవరి వంతూ కావు. వాన పడితే అన్నీ కలిసి రోడ్డు మీద పడి, హైవే అంచున మోకాలిలోతు నిలిచి, లారీలను ఆపి, చివరికి మురికైపోయి వంకలో కలుస్తాయి. ఎండాకాలంలో ఆ కప్పుల కిందివాళ్ళూ, పక్క చేలవాళ్ళూ ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. చెయ్యి కడుక్కోకుండానే నోటుబుక్కు తీశాను. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఉరుములతో గట్టి వాన కొట్టింది. ఇద్దరం తలమీద యూరియా సంచులు కప్పుకుని మా బండ కింద నిలబడ్డాం. ఊడ్చిన బండ మీదినుంచి నీళ్ళు అద్దంలా జారి వచ్చి, వరస దగ్గర ఆగి, పక్కకు తిరిగి, ఆ ఏటి వంతు బావిలోకి దూకాయి. నేను తడిసిన చేతులతో చప్పట్లు కొట్టాను. అంత సంతోషం నాకు జనవరి చప్పట్లలో కూడా రాలేదు.

మళ్ళీ అంతా గీశాను. బూడిద రంగు తీసేశాను. బండలకూ ఫ్యాక్టరీ కప్పులకూ ఒకే రంగు వేశాను, ఎందుకంటే నీళ్ళు పుట్టే చోట్లు రెండూ. ఏ కప్పు నీళ్ళు ఏ ఏడు ఏ బావికి పోవాలో, ఎవరు ఊడవాలో, ఎగ్గొడితే ఏమిటో పట్టిక వేశాను. చెట్లు కూడా పెట్టాను, మన్నున్న చోట. గైడు మేడమ్ కాగితాలన్నీ తిరగేసి, సంతకం చేసి, మిగతాది నీ అదృష్టం అంది.

మే నెలలో ఫైనల్ జ్యూరీ, అంటే డిజైనును ఎగ్జామినరు ఎదుట పెట్టి ఒప్పించుకునే పరీక్ష. చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఊరి బండను ఏం చేస్తారో చూడాలని మా అత్త పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని నాతో బస్సెక్కింది. వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన, మార్కులు వేయడంలో పిసినారి అని పేరు. ఆయన జనవరి ఫైలు తిరగేసి, ఇంత అందమైన డిజైను ఎందుకు పారేశావని అడిగాడు. మా నూర్పిళ్ళ చోటుకు నేనే పనికిరాని నేలని రంగు వేశాను సార్, తప్పు దిద్దుకున్నాను అని చెప్పాను. ఆయన ఒక్కో కాగితం ముందు నిలబడి చూసుకుంటూ పోయాడు. మా బండ ఒక్కదాన్నే పెద్దదిగా గీసిన కాగితం ముందు ఆగిపోయాడు. వరస కొలతలు నమ్మొచ్చా అన్నాడు. నమ్మొచ్చన్నాను.

అప్పుడు వెనక కుర్చీలోంచి మా అత్త లేచి, నేరుగా బోర్డు దగ్గరికి వచ్చి, కాగితం మీద ఒక మూల వేలు పెట్టింది.

"ఈడ వరస ఇది కాదమ్మా. ఇంకా రెండడుగులు కిందికి ఉండాల. నువ్వు ఈడ పెడితే నీళ్ళు వరసెక్కి పారిపోతాయి."

నాకు గుర్తొచ్చింది. ఆ మూల కొలిచిన రోజు అక్కడ ట్రాక్టరు అడ్డంగా నిలబడి ఉంటే, దాన్ని తీయించడానికి బద్ధకించి అందాజుగా గీశాను. అదే మాట ఎగ్జామినరుకు చెప్పేశాను. అంతా అయిపోయిందనే అనుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. జేబులోంచి పెన్సిలు తీసి మా అత్తకిచ్చాడు.

"ఎంత కిందికమ్మా? గీసి చూపించండి," అన్నాడు తెలుగులో. ఆయనది తెలుగు మాట్లాడే కోలారు వైపని ఆ నిమిషానిదాకా నాకు తెలియదు.

ఆమె కళ్ళు చికిలించి, కాగితం పక్కన అడుగుల లెక్క చూపే కొలగీతను వేళ్ళతో కొలుచుకుని, ఒక గీత గీసింది. ఆయన ఆ గీతనూ పై వాలునూ కాసేపు చూసి తల ఊపి, కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఆ అరగంట నేను మా అత్త చెయ్యి వదల్లేదు.

గైడు మేడమ్ తలుపు తీసుకుని కాగితంతో వచ్చింది. బ్యాచిలో మొదటి స్థానం. నవ్వడం రాని మనిషి నవ్వుతూ కింది వరుస చదివి వినిపించింది. సవరణలు: ఒకటి. జ్యూరీ ఎదుటే పూర్తయింది.

ఇంగ్లీషులో ఉన్నది నేను తెలుగులో చెప్పాను. మా అత్త కొంగు సర్దుకుని, "అయితే మనం పాసైనట్టేనా?" అంది.

పాసైనాము అత్తా, అని ఆ వరండాలోనే ఆమెను వాటేసుకున్నాను.