మేనమామను వదిలేసిన ప్రోగ్రామ్

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి కాస్త పొగరుండేది. సూర్యాపేటలో ఉద్యోగం చేస్తూ పైథాన్ నేర్చుకుంటున్న నాకు మరికాస్త ఎక్కువే. అందుకే నా పెండ్లి పత్రిక మ్యాటర్ నేనే తయారు చేస్తానన్నాను. మా ఇంటివాళ్ల పేర్లు, మిర్యాలగూడ అత్తగారింటివాళ్ల పేర్లు యూనికోడ్‌లో టైపు చేశాను. కోదాడలో ఉండే పెండ్లికూతురి మేనమామ మాత్రం తన పేరును, 'మాజీ వార్డు మెంబరు' అన్న హోదాతో సహా, అక్కడి డీటీపీ సెంటర్‌లో పాత ఫాంటులో కొట్టించి ఫ్లాపీలో పంపాడు. అన్నీ ఒకే ఫైల్‌లో కలిపి, వరసలో పెట్టే ప్రోగ్రామ్ రాశాను. పాత ఫాంటులో అక్షరాలకు వాడే అంకెలు వేరు, యూనికోడ్‌లో వేరు. ఆ పాత అంకెలు తగిలినప్పుడల్లా ప్రోగ్రామ్ ఎర్రర్ చూపి ఆగిపోయేది. విసుగొచ్చి, అర్థంకానివి వదిలెయ్యమని ఒక మాట చేర్చాను. చెప్పినట్టే వదిలేసింది, మేనమామను. (ఆనాటి నా డైరీలో 'ఒక్క ఎర్రర్ లేదు, తృప్తి' అని ఉంది. ప్రూఫ్ చూసినట్టు మాత్రం లేదు.)

పత్రికలు పంచాక మామగారు ఫోన్ చేశారు. "ఏందయ్యా గిట్ల చేస్తివి? మా బామ్మర్ది పెండ్లికి రానంటున్నడు. ఇగ పిల్లను గంపల ఎవరు మోస్తరు? జర నువ్వే పోయి మాట్లాడు."

మేనమామ మోయకుండా పెండ్లికూతురు మంటపానికి రాదు. వెంటనే కోదాడ బస్సెక్కాను.

"మామయ్యా, మీ పేరు వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంది. ప్రోగ్రామ్‌కు అర్థం కాక వదిలేసింది" అన్నాను.

"అర్థం కాకపోతే వదిలేస్తదా? పెళ్లైన కాణ్ణుంచి మీ అత్తకి నేను అర్థం కాలా. వదిలేసిందా?"

"వదిలేద్దామనే ఉంది, ఎవరన్నా తీస్కపోతేగా!" వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఆయన మీసం కదిలింది కానీ పట్టు సడలలేదు. "కాగితం సంగతి పోనీ. అరుగు మీద నిలబడి నోటితో పిలువు. పేరు, హోదా, అంతా."

పిలిచాను.

"ఎదురింటోళ్లకి ఇనపడలా అల్లుడూ."

గొంతెత్తి మళ్లీ పిలిచాను. వీధిలో పోయే పాలాయన సైకిలాపి మరీ విన్నాడు.

పెండ్లినాడు ఆయన గంపలో మేనకోడలిని మోసుకొచ్చి, దించేముందు నా వైపు వంగి, "కనపడుతున్నానా?" అన్నాడు.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ ఎర్రర్ చూపి ఆగితే కోపం రాదు. ఎవరి పేరు తగిలిందో అని కళ్లజోడు సర్దుకుని చూస్తాను. ఈ ఓపిక ఆ పెండ్లికొడుక్కి ఎక్కడిది, పాపం!