నీలమ్మ బరువు

జహీరాబాద్ బస్టాండు నుంచి రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో సంగప్ప నడిపే పూటకూళ్ల ఖానావళి ఉండేది. బోర్డు మీద పేరు సంగప్పదే అయినా, షోలాపూర్ పోయే లారీ డ్రైవర్ల నుంచి అల్లం బేరానికి వచ్చే రైతుల దాకా అందరూ దాన్ని నీలమ్మ ఖానావళి అనే అనేవాళ్లు. ఎందుకంటే అక్కడ రొట్టె నీలమ్మది. రెండరచేతుల మధ్య తిరుగుతూ తిరుగుతూ పళ్లెమంత అయ్యే జొన్నరొట్టె, దాని మీద పల్లీల పొడి, పక్కన పుంటికూర పప్పు. పూటకు వంద రొట్టెలు తక్కువ కాకుండా ఆమె ఒక్కతే చేసేది. పక్కన కూరలు తరగడానికి, గిన్నెలు తోమడానికి బీరమ్మ అనే ఆమె ఉండేది.

నీలమ్మ పుట్టింది హుమ్నాబాద్ దగ్గర ఒక పల్లెలో. పదహారో ఏట సంగప్పతో పెళ్లయి వచ్చింది. ఒక ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులకే పోయింది. మళ్లీ కడుపు పండలేదు. ఆ తర్వాతే ఆమె ఒళ్లు చేయడం మొదలైందని చుట్టుపక్కల వాళ్లు చెప్పుకునేవారు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేసరికి పీట మీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఎవరైనా ఆ మాట ఎత్తితే తనే ముందు నవ్వేసేది. రొట్టెలు చేసే మనిషి ఎండిపోయి ఉంటే తినేవాళ్లకు నమ్మకం ఎట్లా కుదురుతుందని అడిగేది.

1961 ఎండాకాలంలో ఆమె బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు కనబడింది. దగ్గినప్పుడల్లా బయటికి పొడుచుకొచ్చేది. సంగప్ప ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. లోపలి పేగు జారుతోందని, కోసి కుట్టాలని డాక్టరు చెప్పాడు. అయితే ఇంత ఒంటికి మత్తుమందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, ముందు బరువు తగ్గాలి, ఎనభై కిలోలకు దిగితే హైదరాబాద్‌కు చీటీ రాసిస్తానన్నాడు. ఆ రోజు దవాఖాన కాంటా మీద ఆమె నూట నాలుగు కిలోలు తూగింది. కిలోల లెక్క అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నీలమ్మకు అది ఎంతో అర్థం కాలేదు. రెండు జొన్న మూటలకు జర ఎక్కువ అని కాంపౌండరు చెబితే అర్థమైంది.

పూటకు ఒక రొట్టె, కూర, మజ్జిగ. నెయ్యి లేదు, బెల్లం లేదు, పండగ పూట పూర్ణం పోళీ లేదు. పొద్దున్నే స్టేషన్ దాకా నడిచి రావాలి. ఇదీ డాక్టరు చెప్పిన పథ్యం. చెప్పినంత తేలిక కాదు. రోజంతా పొయ్యి ముందర కూర్చుని, పెనం మీద రొట్టె పొంగే వాసన పీలుస్తూ, పక్కవాళ్ల పళ్లేల్లో నెయ్యి వేస్తూ, తను మాత్రం ఒక్క రొట్టెను ఎనిమిది ముక్కలు చేసుకుని నెమ్మదిగా నమిలేది. అయినా నీలమ్మ పట్టు పట్టింది. ఆపరేషన్ మాట అటుంచి, తన కాళ్ల మీద తను లేచి నిలబడాలని ఆమెకు ఆశ పుట్టింది.

స్టేషన్‌లో పార్సెల్ గుమాస్తా హఫీజుద్దీన్ రోజూ మధ్యాహ్నం ఆమె చేతి రొట్టే తినేవాడు. బరువు చూసుకోవడానికి ఆమె దవాఖాన వరండాలో పదిమంది ముందు నిలబడాల్సి వస్తోందని తెలిసి, గురువారం మధ్యాహ్నం బండ్లేవీ లేని వేళ పార్సెల్ కాంటా దగ్గరికి రమ్మన్నాడు. ఆమె పలక మీద నిలబడితే తను గుండు జరిపి అంకె చూసి, ఎవరికీ వినబడకుండా చెప్పేవాడు. నూట రెండు. నూరు. తొంభై ఏడు. దసరా నాటికి తొంభై ఒకటి. ఆ రోజు నీలమ్మ స్టేషన్ నుంచి ఇంటిదాకా ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చింది. సంగప్ప సంతోషపడి, హైదరాబాద్‌లో ఎక్కడ దిగాలో, ఎవరింట్లో ఉండాలో అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టాడు.

అక్కడ ఆగిపోయింది.

దీపావళికి తొంభై ఒకటి. కార్తీకం వెళ్లేసరికి తొంభై ఒకటిన్నర. పుష్యంలో మళ్లీ తొంభై ఒకటి. పథ్యం మారలేదు, నడక మానలేదు. డాక్టరును అడిగితే, ఒళ్లు అట్లా కొన్నాళ్లు మొండికేస్తుందనీ, కంగారుపడి కడుపు మాడ్చుకోవద్దనీ, ఉన్న పథ్యమే సాగించాలనీ చెప్పాడు. చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారనీ అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. హఫీజుద్దీన్ కూడా ప్రతి గురువారం గుండును అటూ ఇటూ రెండుమూడుసార్లు జరిపి చూసి, తనదే ఏదో తప్పైనట్టు తల దించుకునేవాడు.

"జర సబర్ చెయ్యుండ్రి అమ్మా. కాంటాకేం తెలుస్తది మీ కష్టం," అన్నాడు ఒక రోజు.

నీలమ్మ ఓపిక పట్టింది. పట్టలేనిది చుట్టూ ఉన్నవాళ్లే. తినకుండా ఉంటే తగ్గకుండా ఎట్లా ఉంటుందని ఖానావళికి వచ్చేవాళ్లు గుసగుసలాడేవారు. వండేదీ ఆమే, వడ్డించేదీ ఆమే, ఎవరు చూడొచ్చారని ఒకరు నవ్వారు. ఆ నవ్వు సంగప్ప చెవిలో పడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెను ఒక్కసారీ చెయ్యెత్తి కొట్టినవాడు కాదు. కానీ ఆ మాట ఆయన మనసులో దూరింది. ఒక రోజు బెల్లం బుట్ట వంటింట్లోంచి అటక మీదికి పోయింది. ఇంకో రోజు నెయ్యి గిన్నె ఆయన కూర్చునే గల్లాపెట్టె పక్కకు వచ్చింది. చీమలు పడుతున్నాయన్నాడు. నీలమ్మ సరే అంది.

మాఘమాసంలో ఒక సాయంత్రం, గిన్నెలు తోముతున్న బీరమ్మ ఉన్నట్టుండి చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అక్కా, నా కడుపుల దాచుకోలేకపోతున్న. నువ్వు చాటుగ ఏమన్న తింటున్నవా చూసి చెప్పుమని సంగప్పన్న నాకు చెప్పిండు. నెల రోజులాయె. నేనేం చూడలేదనే చెప్పిన. ఆయన నమ్ముతలేడు."

నీలమ్మ పెనం మీద ఉన్న రొట్టెను తిప్పింది. ఆ రొట్టె మాడే దాకా తీయలేదు. రాత్రి సంగప్పకు ఎప్పటిలాగే వడ్డించింది. పడుకున్నాక మాత్రం ఆమెకు ఒక పిచ్చి అనుమానం వచ్చింది. నిద్రలో లేచి తనకు తెలియకుండా తింటున్నానా అనుకుంది. తెల్లారి లేచి తన వేళ్లు వాసన చూసుకుంది. ఇంతమంది అంటున్నప్పుడు తప్పు తనదే అయి ఉండాలి కదా అని ఆ మనిషి తనను తానే అనుమానించుకునే దాకా వచ్చింది.

శివరాత్రికి నాలుగు రోజుల ముందే ఆమె ఉపవాసం మొదలుపెట్టింది. అడిగినవాళ్లకు మొక్కు అని చెప్పింది. మంచినీళ్లు, పొద్దున లింగపూజ అయ్యాక చారెడు మజ్జిగ, అంతే. పని మాత్రం ఆపలేదు. శివరాత్రి మరునాడు మధ్యాహ్నం, ముప్పయ్యో రొట్టె పెనం మీద వేస్తూ ముందుకు తూలింది. ఎడమ ముంజేయి పెనానికి తగిలింది. పక్కకు పడటంతో రెండు చేతుల గాజులూ నేలకు కొట్టుకుని పగిలిపోయాయి. బీరమ్మ కేక విని సంగప్ప వచ్చి ఎత్తబోయాడు. ఎత్తుతూ ఉంటే ఆమె భుజం ఎముక ఆయన అరచేతికి గట్టిగా తగిలింది. అది ఆయనకు వింతగా తోచింది కానీ, ఆ గాబరాలో దాని గురించి ఆలోచించలేదు.

ఆ అయిదారు రోజుల పస్తుకు తగ్గింది ఒక్క కిలో. మరుసటి గురువారానికి అదీ తిరిగి వచ్చింది.

చెయ్యి మానాక, ముత్తైదువ బోసి చేతులతో ఉండకూడదని గాజుల ఖుద్సియాను పిలిపించారు. ఖుద్సియా అరవై దాటిన మనిషి. మూట నెత్తిన పెట్టుకుని జహీరాబాద్ గల్లీలన్నీ తిరిగేది. ఏ ఇంటి ఆడదాని చెయ్యి ఎంత కొలతో ఆమెకు నోటికి వచ్చు. నీలమ్మది రెండు పది కొలత, ఊళ్లో అంతకంటే పెద్ద గాజు ఇంకెవరికీ లేదు. ఆ కొలత గాజులే తీసి వేస్తే అవి మోచేతి దాకా జారిపోయాయి. ఖుద్సియా వాటిని తీసి రెండు ఎనిమిది వేసింది. అవీ జారాయి. రెండు ఆరు నిలిచాయి. ఆమె నీలమ్మ చెయ్యి వదలకుండా పట్టుకుని, పైదాకా తడిమింది. మెడ కింద ఎముకలు చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ల కింద బిగుసుకుని ఉన్న పొట్ట మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయింది. బయట గల్లా దగ్గర కూర్చున్న సంగప్పను లోపలికి పిలిచింది.

"నీ పెండ్లాం ఎప్పుడో ఎండిపోయింది సంగప్పా. ఇది కొవ్వు కాదు. మా చెల్లెకు గిట్లనే అయింది, మేము గూడ తిండి అనుకున్నం. పట్నం తోల్కపో. ఇయ్యాల్నే పో."

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ నీలమ్మ పొట్టను నాలుగు వైపులా తట్టి చూసింది, చెవి ఆనించి వింది, ఇంకో ఇద్దరిని పిలిచి చూపించింది. గర్భసంచి పక్కన గడ్డ లేచిందని, నీటితో నిండి పెరుగుతోందని, ఒళ్లు మందంగా ఉన్నప్పుడు పైనుంచి చేతికి అందదని చెప్పింది. వారం లోపే కోశారు. తీసిన గడ్డ పద్నాలుగు కిలోలు తూగింది. బయట బల్ల మీద కూర్చున్న సంగప్ప దగ్గరికి డాక్టరమ్మ తనే వచ్చింది. ఇంతకు ముందు బరువెంత ఉండేదని అడిగింది. నూట నాలుగు నుంచి తొంభై ఒకటికి వచ్చి, అయిదు నెలలు అక్కడే నిలబడిపోయిందని ఆయన చెప్పాడు.

"నిలబడలేదండీ. ఆమె తగ్గుతూనే ఉంది. ఆమె ఎంత తగ్గిందో లోపలిది అంత పెరిగింది. ఎనభై కిలోల కిందికి ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. తగ్గింది కాబట్టే ఇవాళ బల్ల మీద బతికింది," అంది ఆవిడ.

తర్వాత మిగతాదీ చెప్పింది. గడ్డ మంచిది కాదు. కొంత లోపల పేగులకు అంటుకుని ఉంది, అంతా తీయడం కుదరలేదు. మళ్లీ రావచ్చు. నాలుగు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే అని సంగప్ప అడగబోయి, మాట మధ్యలో ఆగిపోయాడు. ఆవిడకు అర్థమైంది. అది ఎవరూ చెప్పలేరంది.

నీలమ్మకు రెండేళ్ల మంచికాలం దొరికింది. బొడ్డు దగ్గరి ఉబ్బును కూడా అప్పుడే కుట్టేశారు. మూడు నెలలకు మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. గోడ పట్టుకోకుండా లేచేది. ఎన్నో ఏళ్ల తర్వాత బస్సెక్కి పుట్టింటికి పోయి వచ్చింది. పైమెట్టు ఎక్కడానికి కండక్టరు చెయ్యి అందించబోతే వద్దంది. ఝరాసంగం జాతరకు కొంత దూరం నడిచే పోయింది. గడ్డ సంగతి సంగప్ప ఆమెకు పూర్తిగా చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. కానీ పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు అందరి దగ్గరా ఒకటికి రెండుసార్లు సెలవు తీసుకుందని ఆమె వదిన తర్వాత చెప్పింది.

1964 చివర ఆమె తగ్గడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ అడగకుండానే, ఏ పథ్యమూ లేకుండానే తగ్గింది. డెబ్బై, అరవై రెండు, యాభై నాలుగు. సంగప్ప అటక మీది బెల్లమంతా దింపాడు. నెయ్యి కరిగించి, రొట్టె మెత్తగా చిదిపి కలిపి, పక్కన కూర్చుని ముద్దలు పెట్టేవాడు. కోహీర్ నుంచి జామపండ్లు తెప్పించేవాడు. ఆమె ఒక ముద్ద తిని, రెండోది నోట్లో పెట్టుకుని మింగలేక చాలాసేపు అట్లాగే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయన చేతిలో పళ్లెం కింద పెట్టేసి ఏడ్చాడు. బీరమ్మతో అన్న మాట ఆమెకు తెలుసని ఆయనకు అప్పటికే తెలుసు. మూడేళ్లుగా ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

"బీరమ్మను అడిగే బదులు నన్నే అడుగుతే బాగుండు," అంది నీలమ్మ మెల్లగా.

"అడిగినా నేను నమ్మకపోతుంటినేమో."

"నమ్మకపోతుంటిరి. నాకు తెల్సు. అయినా అడుగుతే బాగుండు."

క్షమించానని ఆమె అనలేదు. కోపం ఉందనీ అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, రెండో ముద్ద పెట్టమంది. అది ఆయన కోసం మింగింది.

1965 ఆషాఢంలో, వాన పడుతున్న ఒక పొద్దున నీలమ్మ పోయింది. వాళ్ల ఆచారం ప్రకారం విభూతి పూసి, కూర్చోబెట్టి, ఊరి బయట భూమిలో పెట్టారు. హఫీజుద్దీన్ డ్యూటీ మీది నుంచి వచ్చి చివరిదాకా నడిచాడు. ఖుద్సియా గల్లీ మొదట్లో మూట దించి నిలబడింది.

ఆ తర్వాత బీరమ్మ రొట్టెలు చేసింది. బాగానే చేసేది కానీ లారీలు ఆగడం తగ్గింది. రెండేళ్లకు సంగప్ప ఖానావళి మూసి మొగుడంపల్లిలో అన్న ఇంటికి వెళ్లిపోయాడు. అక్కడ ఎవరైనా నీలమ్మ గురించి అడిగితే ఆమె చేతి రొట్టె గురించి చెప్పేవాడు కాదు. ఆ అయిదు నెలలూ కాంటా కదలకపోయినా, ఇంట్లో మనిషే నమ్మకపోయినా, ఆమె ఒక్క పూట కూడా పథ్యం తప్పలేదని చెప్పేవాడు. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.