ఇద్దరిలోనూ దాగినది

బస్సులో ఆవిడని అందరూ కండక్టరమ్మ అనేవారు. పదకొండేళ్లుగా నిలబడి చేసే ఉద్యోగమేమో, ఇంట్లోనూ కుదురుగా కూర్చునేది కాదు. ఆరేళ్ల కూతురికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాక, మూడు వారాలకోసారి ఆసుపత్రిలో ఎక్కించాల్సిందే. రెండు వారాలు దాటాయంటే, పొద్దున్నే పాప మొహాన్ని కిటికీ వైపు తిప్పి, పెదాలు పాలిపోయాయేమోనని చూసుకునేది.

"మా వైపు ఎవరికీ లేదు. ఇదంతా మీవాళ్ల నుంచే" అని అత్తగారు తేల్చేసింది. పదో తరగతితో చదువాపేసిన కండక్టరమ్మ నాలుగేళ్లు ఆ మాటే నమ్మి తలొంచుకు తిరిగింది. చివరికి రక్తం ఎక్కించే నర్సు విడమరిచి చెప్పింది.

"ఒక్కరి వల్ల వచ్చేది కాదమ్మా. తల్లిలోనూ, తండ్రిలోనూ దాగుండాలి. వాళ్లకేమో ఏమీ తెలియదు. నీకు తోబుట్టువులున్నారా? వాళ్లలోనూ ఉండొచ్చు."

చెల్లెలుంది. దానికిప్పుడు మూడో నెల.

అమ్మకి ఫోన్ చేస్తే కస్సుమంది. "నోరు మూసుకో. దాని అత్తింటివాళ్లు వింటే కాపురం ఏమవుతుంది?"

రెండు రోజులు ధ్యాస పని మీద లేదు. ఒకరికే రెండు టిక్కెట్లు కొట్టింది. జనం దిగకముందే విజిల్ ఊదింది. "ఏంటమ్మా, మమ్మల్నీ డిపోలో పడుకోబెడతావా?" అని ఓ ముసలాయన నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. మూడో రోజు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే చెల్లెలి భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్లింది.

మిషన్ల హోరులో గుసగుసలెక్కడ కుదురుతాయి? మొగుడూ పెళ్లాలిద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలని అరిచి చెప్పింది. పక్కనున్న నలుగురూ విన్నారు.

అతను చేతికంటిన సిరా గుడ్డతో తుడుచుకున్నాడు. "అంటే తప్పు మాదంటావా, వదినా?"

"తప్పెవరిదీ కాదయ్యా. సూది గుచ్చడానికి పాపకి నరం దొరక్కపోతే నలుగురం దాని కాళ్లూ చేతులూ కదలకుండా పట్టుకుంటాం. అది నీ కంట పడకూడదనే వచ్చాను."

అతను మిషన్ ఆపాడు. "పద. రక్తం ఎక్కడివ్వాలో చూపించు."

ఫలితాలకి వారం పట్టింది. ఆ వారమంతా అమ్మ ఫోన్ ఎత్తలేదు. చెల్లెలిలో ఉంది, భర్తలో లేదు. బిడ్డకి ఈ జబ్బు రాదని డాక్టరు చెప్పగానే చెల్లెలు అక్క భుజమ్మీద పడి భోరుమంది.

కండక్టరమ్మ అక్కడా ఆగలేదు. ఇంటికెళ్లి, "మీ తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారుగా. ముందు పరీక్ష చేయించండి" అంది భర్తతో. అత్తగారు మొహం తిప్పుకుంది. భర్త తల్లి వంకా భార్య వంకా చూశాడు. అతని తమ్ముడు మాత్రం లేచి చెప్పులు వేసుకున్నాడు.